పాట వీడియో అప్‌లోడ్ అయ్యాక: రషెస్ ముందేసుకుని చేసుకోవాల్సిన లెక్క

స్టూడెంట్లు చేసిన పాట వీడియోల వెంట వచ్చే రిపోర్టులు పది చదివితే పదీ ఒకేలా ఉంటాయి. టైమ్ సరిపోలేదు, బడ్జెట్ తక్కువ, లైటింగ్ ఇంకా బాగుండాల్సింది, టీమ్‌వర్క్ మాత్రం అదిరింది. ఈ నాలుగు మాటలూ ఏ కాలేజీ, ఏ ప్రాజెక్టుకైనా అతుకుతాయి కాబట్టి తర్వాతి పాటకు వీటివల్ల ఒరిగేదేమీ లేదు. షూటింగ్‌లో ఏం జరిగిందో మన జ్ఞాపకం సరిగ్గా చెప్పదు. హార్డ్‌డిస్క్ చెబుతుంది. అందుకే రిపోర్టు రాసే పనికి పెన్నూ పేపరుతో కాకుండా రషెస్‌తో, అంటే షూటింగ్‌లో తీసిన ముడి క్లిప్పులతో కూర్చోవాలి.

ఇక్కడ లెక్కలన్నీ ఒక మామూలు కేసుకు వేసినవి: మూడున్నర నిమిషాల ప్రైవేట్ జానపద పాట, ఒక మిర్రర్‌లెస్ కెమెరా, ఒక ఫోన్, ఆరేడుగురు టీమ్, ఒక్క రోజు షూటింగ్. మీ పాట మెలోడీ అయినా ర్యాప్ అయినా పద్ధతి ఇదే.

ఎప్పుడు, ఏం దగ్గర పెట్టుకుని

ఎడిటింగ్ అయిపోయిన మర్నాడు వద్దు. ఆ రోజు ప్రతి షాటూ ప్రాణంలా కనిపిస్తుంది. నెల దాటితే ఆ షాట్ అలా ఎందుకు తీశామో ఎవరికీ గుర్తుండదు. వారం పది రోజుల తర్వాతైతే సరిగ్గా ఉంటుంది. అప్పటిదాకా ఎవరూ ఏదీ డిలీట్ చేయకూడదు. ముఖ్యంగా ఎన్‌జీ టేకులు (బాగా రాలేదని పక్కన పెట్టినవి) కావాలి, ఎందుకంటే తప్పుల జాతకమంతా వాటిలోనే ఉంటుంది. జాగా పెద్ద సమస్య కాదు: ఐఫోన్‌లో హెచ్ఈవీసీ (ఫైలు సైజు తగ్గించే) ఫార్మాట్‌లో 4కే, సెకనుకు 30 ఫ్రేములకు నిమిషానికి సుమారు 170 ఎంబీ పడుతుంది. గంట ఫుటేజ్ అంటే 10 జీబీ చిల్లర.

కావలసినవి: కెమెరాలోంచి, ఫోన్‌లోంచి నేరుగా కాపీ చేసిన క్లిప్పులు, ఎడిటింగ్ ప్రాజెక్ట్ ఫైల్, పాట ఆడియో ప్రతి వెర్షనూ (డెమో, షూటింగ్‌లో వేసింది, ఫైనల్ మిక్స్), షాట్ లిస్ట్, టీమ్ వాట్సాప్ గ్రూప్ చాట్ ఎక్స్‌పోర్ట్. వాట్సాప్‌లో వీడియోగా పంపుకున్న క్లిప్పులు దీనికి పనికిరావు, క్వాలిటీ నలిగిపోయి ఉంటుంది. అలాంటి క్లిప్ ఒకటి ఫైనల్ కట్‌లోకి కూడా ఎక్కి ఉంటే, మొదటి తప్పు దొరికినట్టే. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపాలి.

మూడు చూపులు

మొదటిసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. పల్లవి ఎక్కడ తిరిగి వచ్చిందో బొమ్మను బట్టి తెలుస్తోందా? తెలియకపోతే పల్లవికీ చరణానికీ లొకేషన్‌లోనో, షాట్ సైజులోనో, కదలికలోనో మీరు తేడా పెట్టుకోలేదన్నమాట. రెండోసారి కళ్లు మూసుకుని పాట మాత్రమే వింటూ, డప్పు ఊపందుకున్న చోటు, వాయిద్యాలు ఆగి గొంతు ఒంటరిగా మిగిలిన చోటు, నిమిషం సెకనుతో రాసుకోండి. తర్వాత టైమ్‌లైన్ తెరిచి ఆ చోట్ల కట్లు ఎలా ఉన్నాయో చూడండి. గొంతు ఒక్కటే మిగిలిన చోట కూడా రెండు సెకన్లకో కట్ పడి ఉంటే, ఎడిటర్ పాట వినకుండా బీట్ గ్రిడ్ (టైమ్‌లైన్‌లో బీట్లకు పెట్టుకున్న గీతలు) చూసి కోసినట్టు.

జానపదాల్లో ఇంకో చిక్కుంది. 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు) పాటలో ఒక బీటు 0.625 సెకన్లు, నాలుగు బీట్ల వరస 2.5 సెకన్లు. ప్రతి రెండున్నర సెకన్లకూ కట్ వేస్తే రెండో చరణానికల్లా గడియారం చూస్తున్నట్టు ఉంటుంది. మూడు లెక్కన సాగే తిశ్ర నడకలో ఉన్న పాటకు నాలుగు లెక్కన గ్రిడ్ పెట్టుకుంటే మరీ అన్యాయం: కట్ ఒక చోట, దెబ్బ ఒక చోట. సెక్షన్‌వారీగా కట్లు లెక్కపెట్టి, నిడివిని కట్లతో భాగించి చూడండి. పల్లవి, చరణాలు, బీజీఎంలు (మాటల్లేని మ్యూజిక్ బిట్లు) అన్నింటికీ సగటు ఒకటే వచ్చిందంటే ఎడిటింగ్‌లో ఎత్తుపల్లాలు లేవు.

మూడో చూపు సగం స్పీడులో, పెదాల కోసం. దీనికి ఎక్కువ సమయం పెట్టాలి.

లిప్ సింక్: ఏ రకం తప్పో తేల్చడం

"సింక్ పోయింది" అని రాస్తే సరిపోదు. సింక్ నాలుగు రకాలుగా పోతుంది, నాలుగింటికీ మందులు వేరు.

పరీక్షకు మన అక్షరమాలే సాయం. ప, బ, భ, మ పలకాలంటే పెదాలు కలవక తప్పదు. జానపదాల్లో మామ, బావ, పిల్ల అనే మాటలకు కొదవ లేదు కాబట్టి ప్రతి లైన్లో ఒక్క చోటైనా పరీక్ష దొరుకుతుంది. ఆడియో వేవ్‌ఫామ్‌ను పెద్దది చేసి ఆ అక్షరం దగ్గర ఆగండి. "మ" మోగుతున్నంత సేపూ పెదాలు మూసి ఉండాలి. "ప", "బ" అయితే శబ్దం పేలడానికి ఒకటి రెండు ఫ్రేముల ముందు మూసి ఉండి, పేలిన ఫ్రేములో తెరుచుకోవాలి. 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము తేడాను చాలామంది పట్టుకోలేరు. మూడు దాటితే క్లోజప్‌లో ఎవరికైనా ఎబ్బెట్టుగానే ఉంటుంది.

ఒకే క్లిప్‌లో మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల ఇలా కొలవండి.

మూడు చోట్లా తేడా ఒకటే అయితే అది అలైన్‌మెంట్ తప్పు. క్లిప్ జరిపితే తీరుతుంది. శబ్దం వచ్చాక పెదాలు కలుస్తుంటే బొమ్మ ఆలస్యమైనట్టు, క్లిప్‌ను ముందుకు, అంటే టైమ్‌లైన్‌లో ఎడమకు లాగాలి.

మొదట్లో కుదిరి, పోను పోను తేడా పెరుగుతుంటే వేగం తప్పు. దీనికి రెండు కారణాలు. ఒకటి, ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచవు. వెలుగునూ వేడినీ బట్టి 30 కాస్తా 29 కొంత, 28 కొంత అవుతుంది. నిడివి గల టేకుల్లో అది బయటపడుతుంది. ఎడిటింగ్‌కు ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేమ్ రేటుకు మార్చుకోవాలి, లేదా రేటును లాక్ చేసే కెమెరా యాప్‌తో తీయాలి. రెండో కారణం ఇంకా మామూలుది: డెమో ట్రాక్ వేసి షూట్ చేశారు, తర్వాత మ్యూజిక్ డైరెక్టర్ "కొంచెం ఊపు తగ్గింది" అని టెంపో పెంచాడు. 96 నుంచి 98కి పెంచితే రెండే కదా అనిపిస్తుంది. మూడు నిమిషాల పాటలో 288 బీట్లు. 98లో అవి 176.3 సెకన్లకే అయిపోతాయి. అంటే చివరికి 3.7 సెకన్ల తేడా. క్లిప్పుల్ని ముక్కలుగా కోసి ఎలాగో అతికించి ఉంటారు, కానీ ఆ రెండు రాత్రుల పని ఎందుకు వచ్చిందో రిపోర్టులో కనిపించాలి. టెంపో లాక్ అవ్వకుండా షూటింగ్ తేదీ వేయకూడదన్నదే దీనికి మందు. గొంతు ఫైనల్ కాకపోయినా పర్వాలేదు, టెంపో మాత్రం కావాలి.

తేడాకు ఒక తీరంటూ లేకుండా ఒక లైన్లో ముందు, ఒక లైన్లో వెనక ఉంటే ఆర్టిస్టుకు పాట రాదు. అంతే. నిజంగా లోపం ఎక్కడుందో వాట్సాప్ చాట్ చూస్తే తెలుస్తుంది: ఆడియో ఫైల్, లిరిక్ షీటు ఎన్ని రోజుల ముందు పంపారు? రాత్రి పదకొండుకు పంపి పొద్దున ఆరింటికి కెమెరా ముందు నిలబెడితే తప్పు ఆర్టిస్టుది కాదు.

నాలుగోది పట్టుకోవడం కష్టం. పెదాలు కుదిరాయి, అయినా పాడుతున్నట్టు లేదు. మెడ చూడండి. గొంతు విప్పి పాడితే మెడ నరాలు కదులుతాయి, లైను ముందు ఊపిరి తీసుకోవడం భుజాల్లో కనిపిస్తుంది. ఉత్త పెదాలు ఆడిస్తే ఇవేవీ ఉండవు. శ్రుతి లేకపోయినా సరే, సెట్లో పైకి పాడాల్సిందే.

ప్లేబ్యాక్ (సెట్లో పాట మోగించడం) దగ్గర జరిగే పొరపాట్లు

బ్లూటూత్ స్పీకర్‌కు ఆలస్యం ఉంటుంది కాబట్టి సింక్ పోతుందని చాలామంది అనుకుంటారు. కెమెరా మైక్ కూడా అదే స్పీకర్ శబ్దాన్ని రికార్డు చేస్తుంటే ఆ ఆలస్యం ఆర్టిస్టుకూ మైక్‌కూ సమానమే. కెమెరా రికార్డు చేసిన ఆ స్క్రాచ్ ఆడియోతో పాటను కలుపుకుంటే చిక్కు లేదు. చిక్కు మూడు చోట్ల వస్తుంది: కెమెరాలో ఆడియో రికార్డింగ్ ఆపేసినప్పుడు, ఒక బ్లూటూత్ స్పీకర్, ఒక వైర్ స్పీకర్ కలిపి మోగించినప్పుడు, స్పీకర్ చాలా దూరంగా ఉన్నప్పుడు.

దూరం సంగతి గ్రూప్ డాన్సు వైడ్ షాట్లలో తేలుతుంది. శబ్దం మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. స్పీకర్ కెమెరా పక్కన ఉండి, డాన్సర్లు 20 మీటర్ల అవతల ఉంటే వాళ్లకు దెబ్బ 60 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. అంటే ఫ్రేమున్నర. స్క్రాచ్‌తో సరిగ్గా కలిపినా అడుగులు వెనకబడ్డట్టే ఉంటాయి, బొమ్మను ఒకటి రెండు ఫ్రేములు ముందుకు లాగాలి. స్పీకర్‌ను ఫ్రేముకు బయట డాన్సర్ల పక్కన పెట్టి, మైక్ కెమెరా దగ్గరే ఉంటే ఇదే లెక్క తిరగబడుతుంది.

స్లో మోషన్లో పాడించే షాట్లకు సూత్రం చిన్నది: తీసిన ఫ్రేముల్ని టైమ్‌లైన్ ఫ్రేములతో భాగిస్తే, సెట్లో పాట ఎంత వేగంగా వేయాలో వస్తుంది. 50లో తీసి 25లో చూపిస్తే పాట రెండింతల వేగం. 30లో తీసి 25కు తెస్తే 1.2 రెట్లు. ఫోన్‌లో 60 పెట్టి 24 టైమ్‌లైన్లో వేస్తే రెండున్నర రెట్లు, అక్కడ నాలుక తిరగదు. మీ స్లో షాట్లలో పెదాలు ఎక్కడా కుదరకపోతే ఈ లెక్క వేయలేదన్నమాట. అలాంటి షాట్లను హమ్మింగ్‌కూ బీజీఎంకూ వదిలేయడం ఉత్తమం. పాటలో లైను కావాలంటే 1.2 రెట్ల దగ్గర ఆగాలి. షూటింగ్‌కు ముందు పాటను మామూలు, 1.2 రెట్లు, 2 రెట్లు అని మూడు ఫైళ్లుగా చేసి, ప్రతిదాని ముందూ నాలుగు బీప్‌లు పెట్టుకుంటే సెట్లో "ఎక్కడ్నుంచి అన్నా" అనే అరుపులు తగ్గుతాయి.

రోజు ఎటు పోయింది

"టైమ్ సరిపోలేదు" అనే వాక్యాన్ని అంకెల్లోకి మార్చే పని ఇది. క్లిప్పులన్నీ తీసిన సమయం వరసలో పెట్టండి. కాపీ చేసినప్పుడు ఫైలు తేదీ మారిపోవచ్చు, కాబట్టి క్లిప్ లోపలి మీడియా సమాచారం చూడాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైలు పేరులోనే తేదీ, గంట, నిమిషం ఉంటాయి. కెమెరాలో గడియారం తప్పుంటే ఫోన్ క్లిప్‌తో పోల్చి తేడా కలుపుకోండి. ఎక్సెల్ షీటులో ఆరు గడులు చాలు: క్లిప్ పేరు, మొదలైన సమయం, నిడివి, పాటలో ఏ భాగం, ఫైనల్‌లో వాడామా, వాడకపోతే ఎందుకు. నూటయాభై క్లిప్పులకు రెండు మూడు గంటల పని. విసుగే, కానీ ఈ షీటు ముందు ఏ వాదనా నిలవదు.

ఇప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది, పదిహేను నిమిషాలు దాటిన ఖాళీలు. ప్రతి ఖాళీకీ పేరు పెట్టండి: చీర మార్పు, లొకేషన్ మారడం, టిఫిన్, బ్యాటరీ చార్జింగ్, ఫోన్లో జాగా అయిపోవడం, "ఇక్కడ తీద్దామా అక్కడ తీద్దామా" అన్న చర్చ. ప్లానులో పది నిమిషాలని రాసుకున్న చీర మార్పు నగలూ జడా పూలతో కలిపి ముప్పావుగంట పట్టి ఉంటుంది. రెండు కాస్ట్యూములు ఉంటే పాట వరసలో కాకుండా కాస్ట్యూమ్ వరసలో తీయాలన్నది అక్కడే బోధపడుతుంది.

రెండోది, పాటలో ఏ భాగానికి ఎన్ని క్లిప్పులున్నాయి. దాదాపు ప్రతి స్టూడెంట్ పాటలోనూ ఒకే బొమ్మ కనిపిస్తుంది: పల్లవికి ముప్పై టేకులు, మొదటి చరణానికి పదిహేను, రెండో చరణానికి మూడు. పల్లవితో మొదలుపెట్టి రెండో చరణానికి వచ్చేసరికి పొద్దు గూకింది. అందుకే ఫైనల్‌లో రెండో చరణం నిండా పాత షాట్లు, డ్రోన్ షాట్లు, నవ్వుకుంటూ నడిచే స్లో మోషన్లు. మందు చెప్పడానికి సిగ్గుపడేంత తేలిక: రెండో చరణం క్లోజప్పులు పొద్దున్నే తీసేయాలి. పల్లవి ఎలాగూ మూడు నాలుగుసార్లు వస్తుంది, సాయంత్రం ఎంత మిగిలితే అంత తీసుకోవచ్చు.

కెమెరా రోల్ అయిన మొత్తం నిమిషాలను పాట నిడివితో భాగించి ఆ అంకె కూడా రాసుకోండి. 60 నిమిషాలు తీసి మూడున్నర వాడితే 17కి 1. ఎక్కువ ఉండటం తప్పు కాదు. పదిహేను టేకులు ఒకే యాంగిల్లో ఉంటేనే తప్పు.

వెలుగు, గీతలు

మన దగ్గర మధ్యాహ్నం ఎండ మొహాలకు శత్రువు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నెలల్లో పదకొండు నుంచి రెండింటి దాకా తీసిన క్లోజప్పుల్లో కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. మీ షీటులో ఆ సమయంలో తీసిన క్లిప్పులు వడపోయండి, సమస్య అక్కడే గుట్టగా ఉంటుంది. ఆ వేళను లాంగ్ షాట్లకూ, చెట్టు నీడకూ, భోజనాలకూ కేటాయించాలి. తప్పనిసరైతే పైన ఎండను మెత్తబరిచే స్కిమ్మర్ బట్ట, కింది నుంచి తెల్ల థర్మాకోల్.

ఒకే షాట్ మధ్యలో రంగు మారితే ఫోన్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయలేదు. ఎర్ర చీర ఫ్రేములోకి రాగానే ఫోన్ తనకు తోచినట్టు సర్దుకుంటుంది.

లోపల తీసిన షాట్లలో నల్లటి అడ్డగీతలు పాకుతుంటే కారణం కరెంటు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైట్లూ చవక ఎల్ఈడీలూ సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే గీతలు పోతాయి. ఆటోలో వదిలేస్తే ఫోన్ 1/60, 1/120 లాంటివి ఎంచుకోవచ్చు. ఈ గీతలు తర్వాత డీఐలో (రంగులు సరిదిద్దే దశలో) తీయడం చాలా కష్టం కాబట్టి రిపోర్టులో దీన్ని ఎడిటింగ్ సమస్యగా రాయకండి, షూటింగ్ సమస్యే.

బయటివాళ్లకు చూపించడం

ఫ్రెండ్స్‌ను "ఎలా ఉంది" అని అడిగితే "సూపర్ రా" తప్ప ఇంకోటి రాదు. టీముతో సంబంధం లేని ఐదుగురికి, ఒక్కొక్కరికి విడిగా, ఫోన్లోనే చూపించండి. కథ ముందు చెప్పొద్దు. మూడే ప్రశ్నలు: ఇందులో ఎవరు ఎవరికి ఏమవుతారు? ఏ మాట వినపడలేదు? ఎక్కడ ముందుకు జరపాలనిపించింది? వాళ్లు చూస్తుంటే మీరు తెరను కాదు, వాళ్ల మొహం చూడాలి. ఐదుగురిలో ఒకరైనా ఆ పాట యాస పుట్టిన ఊరి పెద్దమనిషి అయితే మంచిది, మాట విరుపులో తప్పులు వాళ్లే పట్టుకుంటారు. ఫోన్ స్పీకర్‌లోనే ఎందుకంటే, స్టూడియోలో గుండె అదిరిన డప్పు బేస్ శబ్దం అందులో మాయమవుతుంది.

యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు ఎక్కడ వదిలేశారో చూపే గ్రాఫ్ ఉంటుంది. చూసినవాళ్లు పదుల్లోనే ఉంటే దాన్ని నమ్మొద్దు. వందలు దాటాక మొదటి 30 సెకన్లు చూడండి. బ్యానర్ లోగో, పేర్లు, డ్రోన్‌లో ఊరు, అన్నీ అయ్యాక 28వ సెకనుకు గొంతు మొదలైతే గ్రాఫ్ అక్కడే జారి ఉంటుంది. ఆడియో మిగతా పాటలకన్నా చిన్నగా ఉందేమో కూడా చూడండి. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (శబ్దం ఎంత పెద్దగా ఉందో కొలిచే యూనిట్) కన్నా పెద్దగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, చిన్నగా ఉన్నవాటిని పెంచదు.

హక్కుల సంగతి కూడా ఒక పేరాలో తేల్చండి. సంప్రదాయ జానపదానికి రచయిత తెలియకపోవచ్చు, కానీ మీరు విన్న రికార్డింగుకూ, ఆ ట్యూను కట్టిన తీరుకూ హక్కుదారులు ఉండొచ్చు. ఎవరి నోట విని రాసుకున్నారో వాళ్ల పేరు "సేకరణ" అని టైటిల్స్‌లో పడిందా? క్లాసులో చూపించడం వేరు, యూట్యూబ్‌లో పెట్టడం వేరు. గోల్కొండ, వరంగల్ కోట లాంటి ఏఎస్ఐ (భారత పురావస్తు శాఖ) రక్షిత కట్టడాల్లో తీసి ఉంటే అనుమతి కాగితం ఫైల్లో ఉండాలి.

రాసే తీరు

ఒక్కో సమస్యకు నాలుగు సంగతులు రాయాలి: వీడియోలో ఏ నిమిషం ఏ సెకను, ఏం కనిపిస్తోంది, షూటింగ్‌లో దానికి కారణం ఏమిటి, ఆ కారణం వెనక ముందే తీసుకున్న నిర్ణయం ఏది. చివరిది రాకపోతే ఇంకా తవ్వాలి. "లైటింగ్ బాగుండాల్సింది" అనే వాక్యం ఇలా మారుతుంది:

"1:42 నుంచి 1:58 వరకు హీరోయిన్ కళ్లకింద నీడలు. ఈ బిట్ 11:05కి తీశాం, ప్లానులో 10:30కి ఉంది. చీర మార్పుకు 10 నిమిషాలు వేసుకుంటే 45 పట్టింది. మేకప్ చేసేవాళ్లను అడగకుండా డైరెక్షన్ టీము షెడ్యూల్ వేసింది. తర్వాతి పాటకు షెడ్యూల్ వేసే మీటింగులో మేకప్ తప్పనిసరిగా ఉండాలి."

మనుషుల పేర్లు రాయకండి, పని పేర్లు రాయండి: కెమెరా, డైరెక్షన్, ప్లేబ్యాక్, మేకప్. పేరు రాస్తే చదివినవాళ్లు సమర్థించుకోవడంలో పడిపోతారు, అసలు సంగతి పక్కకు పోతుంది. బాగా వచ్చిన షాట్లకూ ఇదే పద్ధతి. వాటిలో ప్లాను వల్ల కుదిరినవి ఏవి, అదృష్టం వల్ల కుదిరినవి ఏవి అని విడదీయండి. అనుకోకుండా మేకల మంద అడ్డొచ్చి అందం తెచ్చిన షాట్‌ను మీ ప్రతిభ ఖాతాలో వేసుకుంటే, వచ్చే పాటకు మేకలు రావు.

ఇలాంటివి ఆరేడు ఎంట్రీలు చాలు, ఇరవై రాస్తే ఎవరూ చదవరు. చివర్లో వచ్చే షూటింగ్‌కు మారే మూడు పనుల్ని విడిగా ఒక పేజీ చేసి, క్లిప్పుల షీటు, మూడు వేగాల పాట ఫైళ్లతో పాటు ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. దాని కాపీ ఇంకో డ్రైవ్‌లో కూడా ఉండాలి. ఎన్‌జీ టేకులు డిలీట్ చేయాలనుకుంటే ఆ తర్వాతే.